పుట్టిన ఏడాది చెప్పేదెంత



ఎవరి పేరున ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు జీవితంలో ఎక్కువ భాగం పల్లెటూరి బళ్ళలోనే గడిపారు. ఆ కాలపు హెడ్మాస్టర్లు చేసిన పనుల్లో ఒకదాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. వాళ్ళు పిల్లలకు పుట్టినరోజులు పెట్టేవారు. జూన్‌లో బడి తెరవగానే తండ్రో మేనమామో పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు. ఎప్పుడు పుట్టాడయ్యా అంటే వేరుశనగ పీకే రోజులనో, వానకు చెరువు తెగిన ఏడాదనో చెప్పేవాడు. కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమనేవారు. అందితే అయిదేళ్ళు నిండినట్టు, అందకపోతే పైఏడు తీసుకురమ్మన్నట్టు. అందినవాడికి అడ్మిషన్ రిజిస్టరులో ఒక తేదీ పడేది, ఎక్కువసార్లు జూన్‌లోనో జూలైలోనో. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కణ్ణుంచి సర్వీసు రిజిస్టరులోకి, చివరికి పదవీ విరమణ ఉత్తర్వులోకి ఎక్కేది.

జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. పుట్టిన ప్రతి బిడ్డా పంచాయతీ పుస్తకంలోకి ఎక్కడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి వయసు అడిగితే మనవాళ్ళు ముప్ఫై అంటారు, ముప్ఫై అయిదు అంటారు, నలభై అంటారు. ముప్ఫై ఏడు, నలభై మూడు అనేవాళ్ళు తక్కువ. సున్నాతోనూ అయిదుతోనూ ముగిసే వయసుల దగ్గర జనం ఇలా కుప్పపడటం ఎంత మామూలంటే, దాన్ని కొలవడానికే జనాభా శాస్త్రంలో ప్రత్యేకంగా సూచికలున్నాయి.

ఇలాంటి చోటికి ఇప్పుడు పుట్టిన సంవత్సరాన్ని బట్టి మనిషి గుణం చెప్పే పద్ధతి వచ్చింది. 1946 నుంచి 1964 మధ్య పుట్టినవాళ్ళు బూమర్లు. 1965 నుంచి 1980 దాకా జెన్ ఎక్స్. 1981 నుంచి 1996 వరకు మిలీనియల్స్. 1997 నుంచి 2012 వరకు జెన్ జీ. బూమర్లు మొండివాళ్ళట, మిలీనియల్స్‌కు అనుభవాలు కావాలట, జెన్ జీకి ఉద్యోగంలో నిలకడ ఉండదట. కంపెనీల శిక్షణ తరగతుల్లో ఇవి పాఠాలు. టీవీ చర్చల్లో ఇవి సూత్రాలు. ఇంట్లో మనవరాలు తాతయ్యను ‘బూమర్’ అని వెక్కిరిస్తే తాతయ్య అర్థం తెలియక నవ్వుతున్నాడు. మాస్టారి రిజిస్టరులో 1 జూలై 1965 అని పడిన మనిషి ఈ లెక్కన జెన్ ఎక్స్. నిజంగా ఎనిమిది నెలలు ముందు పుట్టి ఉంటే బూమర్. అంటే ఆయన స్వభావం ఏమిటో మాస్టారి కలం నిర్ణయించిందన్నమాట.

నవ్వుకోవడం అయింది కనుక అసలు విషయానికి వస్తాను. మనుషుల్ని కాలాన్నిబట్టి గుంపులుగా చూడటం తప్పని నేననను. సమాజం ఎలా మారుతోందో తెలుసుకోవడానికి అంతకంటే మంచి పనిముట్లు మనకు ఎక్కువ లేవు. నా అభ్యంతరం గుంపు కట్టే పద్ధతి మీద. ఒక దెబ్బో, ఒక చట్టమో, ఒక అవకాశమో ఒకే అదనులో తగిలితే మనుషులు ఒక గుంపవుతారు. ఆ తగిలినదాని పేరుతో పిలిచినప్పుడు గుంపు కళ్ళకు కడుతుంది. ఇంగ్లీషు అక్షరంతో పిలిచినప్పుడు, ఆ దెబ్బ ఎవరికి తగిలింది, ఎవరికి తగల్లేదు అన్న ప్రశ్నే మాయమైపోతుంది.

ఈ పేర్లు పుట్టింది అమెరికాలో. అన్నిటిలోకీ పునాది ఉన్న పేరు ఒక్కటే, బేబీ బూమ్. రెండో ప్రపంచ యుద్ధం నుంచి సైనికులు తిరిగొచ్చారు, పెళ్ళిళ్ళు జరిగాయి, అంతకుముందు మాంద్యంలో వాయిదా పడిన కాన్పులూ, కొత్త కాన్పులూ కలిసి వచ్చాయి. 1957లో ఒక్క ఏడాదే అమెరికాలో 43 లక్షల మంది పుట్టారు. 1946 నుంచి 1964 వరకు మొత్తం 7.6 కోట్లు. ఆ పిల్లలు బడికొచ్చినప్పుడు తరగతి గదులు చాల్లేదు, ఉద్యోగాలకొచ్చినప్పుడు పోటీ పెరిగింది, ఇప్పుడు పింఛన్ల లెక్కలు తలకిందులవుతున్నాయి. గ్రాఫు గీస్తే ఉబ్బు కనబడుతుంది. జననాలు పెరిగిన చోట గీత మొదలవుతుంది, తగ్గిన చోట ముగుస్తుంది. కాబట్టి ఆ పేరుకు ఒక అర్థముంది.

తర్వాతి పేర్లకు అలాంటి ఉబ్బూ లేదు, గీతా లేదు. జెన్ ఎక్స్ అన్న మాట అంతకుముందే ఉన్నా, దాన్ని ఇంటింటికీ చేర్చింది 1991లో డగ్లస్ కోప్లండ్ రాసిన నవల. అదే ఏడాది విలియం స్ట్రాస్, నీల్ హౌ అనే ఇద్దరు ‘జెనరేషన్స్’ అనే పుస్తకం వేశారు. మిలీనియల్ అన్న పేరు వాళ్ళదే. అమెరికా చరిత్ర సుమారు ఎనభై ఏళ్ళకొకసారి నాలుగు మలుపులు తిరుగుతుందనీ, ప్రతి మలుపులో ఒక్కో రకం మనుషులు పుడతారనీ వాళ్ళ సిద్ధాంతం. ప్రభవ, విభవ అంటూ అరవై ఏళ్ళ చక్రం తిప్పుకునే మనకు చక్రాలంటే భయం లేదు గానీ, ఫలానా సంవత్సరాల్లో పుట్టిన కోట్ల మందికీ ఒకే మనస్తత్వం ఉంటుందనడం సాహసమే. స్ట్రాస్, హౌ తర్వాత ఒక సలహా సంస్థ పెట్టుకున్నారు. సరుకు అమ్మేవాళ్ళకు, ఉద్యోగుల్ని నడిపించేవాళ్ళకు ఆ సలహా పనికొచ్చింది.

ప్యూ రిసెర్చ్ సెంటర్ ఈ పేర్లకు కొంత గౌరవం తెచ్చిన సంస్థ. మిలీనియల్స్‌ను 1996తో ఎందుకు ఆపారో ఆ సంస్థే చెప్పింది. 2001 సెప్టెంబరు 11 దాడి నాటికి వాళ్ళలో ఆఖరివాళ్ళకు అయిదేళ్ళు. దాన్ని గుర్తుపెట్టుకోగల ఆఖరి వయసు అదని. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల నీడలో పెరగడం, 2008 ఒబామా ఎన్నిక, ఆ ఏటి మాంద్యం, ఇవీ లెక్కలోకి తీసుకున్నారు. అమెరికా వరకు అది ఒక వాదన. ఆ గీతనే తెచ్చి అనంతపురం జిల్లాలో 1996లో పుట్టిన అమ్మాయి మీద గీస్తే మాత్రం ఆ గీతకు ఇక్కడ ఆధారం ఏమీ లేదు. 2021లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త ఫిలిప్ కోహెన్, మరో నూట యాభైమందికి పైగా పరిశోధకులు ఈ పేర్లు వదిలెయ్యమని ప్యూ సంస్థకు బహిరంగ లేఖ రాశారు. 2023లో ఆ సంస్థ దాదాపుగా ఒప్పుకుంది. పూర్వం ఇదే వయసులో ఉన్నవాళ్ళతో పోల్చడానికి లెక్కలున్నప్పుడే ఇకమీద తరాల మాట ఎత్తుతామంది. పేర్లు పుట్టిన చోట సందేహం మొదలయ్యేసరికి ఇక్కడ మనం వాటిని అరువు తెచ్చుకుని మురుస్తున్నాం.

ఈ ప్రశ్న మీద ఇప్పటికీ చదవదగ్గ వ్యాసం 1928లో వచ్చింది. రాసింది కార్ల్ మాన్‌హైమ్. బుడాపెస్ట్‌లో పుట్టి, జర్మనీలో పాఠాలు చెప్పి, 1933లో నాజీలు వెళ్ళగొడితే లండన్ చేరి, అక్కడే 1947లో చనిపోయిన మనిషి. దేశాలు మారుతూ బతికినవాడు కనుకనేమో, ఒకే కాలంలో బతకడం అంటే ఒకే అనుభవం కాదని ఆయనకు బాగా తెలుసు. ఆయన మూడు మెట్లు చెప్పాడు. ఒకే చోట ఒకే కాలంలో పుట్టడం మొదటి మెట్టు, అది కేవలం అవకాశం. ఆ కాలపు కల్లోలం నిజంగా తాకడం రెండోది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీ పట్నాల్లోని కుర్రాళ్ళను ఊపేసిన భావాలు మారుమూల రైతుబిడ్డను తాకనేలేదు కనుక, వయసు ఒకటే అయినా అతను ఆ తరం వాడు కాడంటాడు. ఇక మూడో మెట్టు, తాకినవాళ్ళలోనే కొందరు ఒకలా, కొందరు దానికి పూర్తి వ్యతిరేకంగా స్పందించి రెండు జట్లవడం. ఇద్దరూ ఒకే తరం, ఎందుకంటే ఇద్దరూ కొట్లాడుకుంటున్నది ఒకే ప్రశ్న మీద.

మాన్‌హైమ్ చెప్పిన మొదటి మెట్టుకు మన తెలుగునేల కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1947 ఆగస్టు 15న పుట్టిన పిల్లల్ని స్వాతంత్ర్యంతో పాటు పుట్టినవాళ్ళని చెప్పుకుంటాం. బెజవాడలో పుట్టినవాడి విషయంలో అది నిజం. అదే రోజు వరంగల్లో పుట్టినవాడు నిజాం రాజ్యంలో పుట్టాడు. ఆ పూట అక్కడ మూడు రంగుల జెండా ఎగరేయబోయినవాళ్ళు జైలుకు పోయారు. వాడికి పదమూడు నెలలు నిండేదాకా, 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చేదాకా, ఇంట్లో వినబడినవి రజాకార్ల కబుర్లు, సాయుధ పోరాటపు కబుర్లు. ఆ పిల్లవాడి తల్లి కాలాన్ని రజాకార్లకు ముందు, తర్వాత అని లెక్కపెట్టుకుంది గానీ ఆగస్టు 15తో కాదు. మూడోవాడు యానాంలో పుట్టాడు. వాడిది ఫ్రెంచి పాలన. 1954 జూన్ 13 వరకు, అంటే వాడు బళ్ళో అక్షరాలు దిద్దే వయసు దాకా, గోదావరి పాయ దాటితే ఇండియా, ఇవతల ఫ్రాన్సు. ముగ్గురిదీ ఒకే భాష, ఒకే తేదీ. ముగ్గురినీ ఒకే గాటన కట్టి బూమర్లనడానికి మనకు అమెరికా సైనికుల పెళ్ళిళ్ళు కారణం.

మూడో మెట్టుకు కూడా మన దగ్గర కొరత లేదు. 1969లో తెలంగాణలో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. స్థానికులకే ఉద్యోగాలనే ముల్కీ నిబంధనలు అమలు కావాలని, ప్రత్యేక రాష్ట్రం కావాలని విద్యార్థులు రోడ్డెక్కారు, కాల్పుల్లో చనిపోయారు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పిస్తే ఈసారి కోస్తాలో, రాయలసీమలో కాలేజీలు మూతపడ్డాయి. జై ఆంధ్ర అన్నవాళ్ళ మీద కూడా తూటాలు పేలాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఇంచుమించు ఒకే ఈడువాళ్ళు. ఒకరికి న్యాయమనిపించిన నిబంధన మరొకరికి అన్యాయంగా కనిపించింది. ఇద్దరి జీవితాలనూ మలచింది ఆ నిబంధనే కనుక మాన్‌హైమ్ అర్థంలో వాళ్ళు ఒక తరం. ఆ రోజుల్లో యువత తిరుగుబాటు ధోరణిలో ఉంది అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే అసలు చరిత్రంతా ఆ వాక్యం కింద నలిగిపోతుంది.

సాహిత్యంలో వ్యవహారం ఇంకా తమాషాగా ఉంటుంది. 1965లో ఆరుగురు యువకులు దిగంబర కవులుగా వచ్చారు. మొదటి సంపుటాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. తమకంటూ ఒక శకాన్ని, వారాలకూ ఋతువులకూ కొత్త పేర్లను కల్పించుకున్నారు. ముందు తరాలతో తెగతెంపులు ఇంతకన్నా గట్టిగా ఎవరు చేసుకుంటారు? అయిదేళ్ళు తిరిగేసరికి ఆరుగురిలో నలుగురు విప్లవ రచయితల సంఘం వైపు నడిచారు, ఇద్దరు ఆ దారి పట్టలేదు. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగాయి. రచయితలు ఎటువైపు ఉంటారో తేల్చుకోమని విద్యార్థులు కరపత్రం వేశారు. ఆ వేడి మీద జూలై 4న విరసం ఏర్పడింది. యువతరపు ఆగ్రహానికి ప్రతినిధిగా చరిత్రలోకెక్కిన ఆ సంఘానికి తొలి అధ్యక్షుడు ఎవరు? అరవై నిండిన శ్రీశ్రీ. విద్యార్థులు వేసిన ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పినవాళ్ళలో అరవై ఏళ్ళ మనిషి ఉన్నాడు. (ఆయన పుట్టిన తేదీ మీద కూడా మనవాళ్ళలో ఏకాభిప్రాయం లేదన్నది వేరే సంగతి.) శ్రీశ్రీ కన్నా ముప్ఫై నలభై ఏళ్ళు చిన్నవాళ్ళయిన కవులు అనేకులు ఆ రోజుల్లో భద్రంగా ఇంట్లోనే ఉన్నారు. ఏ తరం వాడు శ్రీశ్రీ అని అడిగితే నా దగ్గర అంకెలతో జవాబు లేదు.

ఇది పాతకాలపు వింత అనుకోకండి. 2024 జూలైలో బంగ్లాదేశ్‌లో ఉద్యోగాల కోటా మీద విద్యార్థులు లేచారు. ఆగస్టులో ప్రధాని దేశం విడిచి వెళ్ళారు. 2025 సెప్టెంబరులో నేపాల్ ప్రభుత్వం సోషల్ మీడియా వేదికల్ని నిషేధిస్తే, అవినీతి మీద అప్పటికే రగులుతున్న కుర్రాళ్ళు వీధుల్లోకి వచ్చారు. 8వ తేదీన కాల్పులు జరిగాయి, 9న ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. ప్రపంచమంతా దీన్ని జెన్ జీ విప్లవమంది. వాళ్ళూ ఆ పేరునే జెండాగా పట్టుకున్నారు. మరి ఆ కుర్రాళ్ళు నమ్మి కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరిని? ఢాకాలో 84 ఏళ్ళ మహమ్మద్ యూనస్‌ను. కాఠ్మాండులో 73 ఏళ్ళ మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీని. ఒక పేరును జెండాగా ఎత్తుకుంటే పదిమంది పోగవుతారు, ఆ మేరకు ఆ పేరు పనిచేసింది, కాదనను. కానీ జెండా చూసి జనాన్ని అర్థం చేసుకున్నామనుకుంటే ఆ వీధిలో ఎవరున్నారో మనకు తెలియదు. పనికోసం గల్ఫ్‌కూ మలేషియాకూ వలసపోయిన అదే ఈడు నేపాలీ కుర్రాళ్ళు ఆ వీధిలో లేరు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటి చెబుతాను. దీంట్లో వయసుకు అసలు పాత్రే లేదు.

తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పరిస్థితి ఏమిటంటే, 1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కన్నా తక్కువ. పగలంతా పొలం పని చేసి వచ్చినవాళ్ళు రాత్రి లాంతరు వెలుగులో పలకలు పట్టుకునేవాళ్ళు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, వాళ్ళ అత్తలు, ఆ అత్తల అత్తలు ఒకే చాప మీద కూర్చున్నారు. వాచకంలో ఒక పాఠం, సారా తాగే భర్త వల్ల ఇల్లు గుల్లవుతున్న ఒక ఆడమనిషి గురించి. ఆ పాఠాన్ని వాళ్ళు పాఠంగా చదవలేదు. దూబగుంట ఆడవాళ్ళు 1992లో ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరు ఊరూ అంటుకుంది. సారా వేలంపాటలు సాగలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. ఆ నిషేధం ఎంతకాలం నిలిచిందన్నది ఇప్పుడు మన చర్చ కాదు.

ఆ చాప మీద కూర్చున్న ఇరవై ఏళ్ళ కోడలూ అరవై ఏళ్ళ అత్తా ఏ గుంపుకు చెందుతారు? పుట్టిన ఏళ్ళ పట్టికలో ఇద్దరికీ మధ్య ఒక పెట్టె మొత్తం అడ్డం వస్తుంది. కానీ ఇద్దరికీ అక్షరం ఒకే నెలలో వచ్చింది, ఒకే పాఠంతో వచ్చింది, దాంతో ఒకే పని చేశారు. వాళ్ళు చేసిన పనిని అర్థం చేసుకోవాలంటే ఆ పాఠం నుంచి మొదలుపెట్టాలి. అదే రోజుల్లో అదే జిల్లాలో కాన్వెంటులో చదువుతున్న ఇరవై ఏళ్ళ ఇంకో అమ్మాయికి ఆ కోడలితో వయసు తప్ప మరేమీ కలవదు.

అలాగని పుట్టిన ఏడాదిని పూర్తిగా పక్కన పెట్టమనడం లేదు. దాన్ని జాగ్రత్తగా వాడినవాళ్ళున్నారు. సామాజిక శాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్ 1974లో ‘చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేట్ డిప్రెషన్’ అనే పుస్తకం వేశాడు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో 1920, 21 సంవత్సరాల్లో పుట్టిన పిల్లల్ని పరిశోధకులు చిన్నప్పటి నుంచీ గమనిస్తూ వచ్చారు. ఎల్డర్ వాళ్ళందరినీ మాంద్యం తరం అని ఒక్క ముద్ద చేయలేదు. 1929కీ 1933కీ మధ్య ఆదాయం మూడో వంతుకు పైగా పోగొట్టుకున్న కుటుంబాల పిల్లల్ని ఒకవైపు, అంత నష్టపోని కుటుంబాల పిల్లల్ని మరోవైపు పెట్టి చూశాడు. తర్వాత పక్కనే ఉన్న బర్క్లీలో 1928, 29లో పుట్టినవాళ్ళతో పోల్చాడు. ఓక్లండ్ పిల్లలు మాంద్యం వచ్చేనాటికి పనికి అందొచ్చే ఈడువాళ్ళు. ఇంటికి నాలుగు డాలర్లు తెచ్చామన్న ధీమా వాళ్ళకు మిగిలింది. బర్క్లీ వాళ్ళు అప్పటికి చంటిపిల్లలు. వాళ్ళలో మగపిల్లలకు దెబ్బ ఎక్కువ తగిలింది. మధ్యలో ఎనిమిదేళ్ళే తేడా. పదహారేళ్ళ పెట్టెలు తయారుచేసేవాళ్ళు ఈ పుస్తకం తిరగేశారా అని నాకు అనుమానం.

లెక్కల ఇబ్బంది ఒకటుంది, త్వరగా చెప్పి వదిలేస్తాను. మనిషి ప్రవర్తన వెనక మూడు కాలాలుంటాయి. అతని వయసు, ఇప్పుడు నడుస్తున్న రోజులు, అతను పుట్టిన ఏడు. వీటిలో రెండు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది కనుక, ఏది ఎంత పనిచేసిందో విడదీయడం అంకగణితానికి లొంగదు. ఈనాటి కుర్రాళ్ళు ఉద్యోగాలు మాటిమాటికీ మారుతున్నారంటే అది పుట్టిన ఏటి గుణమా? పాతికేళ్ళ వయసులో, నెత్తిమీద సంసారం లేనప్పుడు ఎవరైనా చేసే పనా? లేక పర్మనెంటు ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టులు పెరిగిన రోజుల ఫలితమా? ఇప్పటి పెద్దవాళ్ళు పాతికేళ్ళప్పుడు ఏం చేశారో లెక్క చేతిలో ఉంటే తప్ప ఈ ప్రశ్నకు జవాబు రాదు. ఆ లెక్క చూడకుండానే అందరూ ధైర్యంగా మాట్లాడుతున్నారు.

మరి మనవాళ్ళు ఇదివరకు కాలానికి మనుషుల్ని ఎలా ముడిపెట్టుకున్నారు? సంఘటన పేరుతో. 1832-33లో గుంటూరు సీమను పీల్చి పిప్పిచేసిన కరువు నందన నామ సంవత్సరంలో వచ్చింది, నందన కరువైంది. 1876లో మొదలై రాయలసీమను తుడిచిపెట్టినది ధాత కరువు. ఆ తర్వాత నందన మూడుసార్లు వచ్చింది, ధాత రెండుసార్లు. ఏ పంచాంగం తిరగేసినా ఆ పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి గానీ కరువు పేరు మాత్రం దానిదే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పదివేల మందికి పైగా పొట్టనబెట్టుకున్న ఉప్పెన కృష్ణా డెల్టాలో ఇప్పటికీ ఒక తేదీ. ఉప్పెనకు ముందు పుట్టాడా తర్వాత పుట్టాడా అంటే అక్కడ జవాబు దొరుకుతుంది. ఆదిలాబాదులో ఆ ప్రశ్న వేస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, అర్థం కానక్కర్లేదు కూడా. ఆ పేరు ఎంత దూరం వర్తిస్తుందో ఆ పేరులోనే ఉంది.

ఈ అలవాటు పోయిందనుకోవద్దు. ఉపాధ్యాయుల సభలో కూర్చున్నాం కనుక మీ మాటే చెబుతాను. ‘98 డీఎస్సీ’ అంటే ఈ హాల్లో ఎవరికీ వివరించనక్కర్లేదు. ఉపాధ్యాయ నియామక పరీక్షలో అర్హత సాధించి, పోస్టింగు రాక, కోర్టుల చుట్టూ, సెక్రటేరియట్ చుట్టూ తిరిగి, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు పాతికేళ్ళ తర్వాత మినిమం టైమ్ స్కేలు మీద బళ్ళోకి అడుగుపెట్టినవాళ్ళు. వాళ్ళలో కొందరు చేరేనాటికి రిటైర్‌మెంట్ కనుచూపు మేరలో ఉంది. పుట్టిన సంవత్సరాలు చూస్తే ఒకరికొకరికి పదేళ్ళకు పైగా తేడా ఉండొచ్చు. అయినా ఆ ఎదురుచూపు వాళ్ళ పెళ్ళిళ్ళను, అప్పులను, పిల్లల చదువులను ఒకే తీరుగా వంచింది. ఇంకొకటి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు పాత పింఛను లేదు, జీతంలోంచి వాటా కట్టే సీపీఎస్ వచ్చింది. ఒకే స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీల్లో కూర్చునే ఇద్దరిలో ఒకరికి ముసలితనం గురించి బెంగ లేదు, మరొకరికి నెలనెలా బెంగే. 2003 డీఎస్సీ వాళ్ళకు నోటిఫికేషన్ గీతకు ఇవతల వచ్చింది, చేరడం గీతకు అవతల జరిగింది. వాళ్ళ వాదనంతా మధ్యలో జరిగిన ఆ జాప్యం గురించే. ఈ ఇద్దరి మధ్య ఉన్న తేడాను ఏ ఇంగ్లీషు అక్షరం చెబుతుంది?

అమెరికాలో ఉన్న మనవాళ్ళదీ ఇదే కథ. అక్కడ గ్రీన్ కార్డు క్యూలో ఉన్న తెలుగువాళ్ళు ఒకరినొకరు ముందుగా అడిగేది పుట్టిన ఏడాది కాదు, క్యూలో చోటు తేల్చే ప్రయారిటీ డేట్. ఇల్లు కొనాలా వద్దా, ఉద్యోగం మారాలా వద్దా, ఇండియాలో పుట్టి చిన్నప్పుడే వెళ్ళిన కూతురు ఇరవై ఒకటి దాటేలోగా కార్డు వస్తుందా రాదా, అన్నీ ఆ తేదీని పట్టుకునే ఉంటాయి. అక్కడే పుట్టి పౌరసత్వం ఉన్న తమ్ముడికి ఈ బాధ లేదు. అక్కాతమ్ముళ్ళిద్దరూ జెన్ జీయే.

చివరగా, మన కళ్ళముందే తయారైన ఒక గుంపు గురించి చెప్పి ముగిస్తాను. 2020లోనూ 2021లోనూ రెండు తెలుగు రాష్ట్రాలూ పదో తరగతి పరీక్షలు రద్దుచేసి పిల్లలందరినీ పాస్ చేశాయి. వాళ్ళను ఊళ్ళో ‘కరోనా బ్యాచ్’ అని ఎగతాళి చేస్తారు. వాళ్ళు జెన్ జీలో ఒక ముక్క. అదే జెన్ జీలో 1997లో పుట్టినవాడు అప్పటికి ఉద్యోగంలో చేరి ఇంటినుంచి పనిచేస్తున్నాడు. 2012లో పుట్టినవాడు రెండో తరగతో మూడో తరగతో మానేసి వీధిలో ఆడుకుంటున్నాడు. ముగ్గురికీ ఆ రెండేళ్ళూ మూడు రకాలు. పదో తరగతి వాళ్ళలోనూ ఫోను ఉన్న ఇల్లు వేరు, అన్నదమ్ములు ముగ్గురికీ కలిపి ఒక్క ఫోను ఉన్న ఇల్లు వేరు, ఆన్‌లైన్ పాఠం వినడానికి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన గూడెం పిల్లలు వేరు. బడి మూసి ఉన్నప్పుడు పెళ్ళి అయిపోయిన ఆడపిల్లలున్నారు, మేస్త్రీ వెంట పనికి వెళ్ళి మళ్ళీ పుస్తకం పట్టని మగపిల్లలున్నారు. ఎల్డర్ ఓక్లండ్‌లో చేసిన పని వీళ్ళ విషయంలో ఎవరైనా చేయాలంటే బడిలో పేర్లున్నాయి, హాజరు పట్టీలున్నాయి, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లున్నాయి. 2020లో పాసైనవాళ్ళలో ఇంజినీరింగ్‌కు వెళ్ళినవాళ్ళకు 2026తో చదువు పూర్తవుతుంది, ఆ తర్వాత అందరూ తలో దిక్కుకు పోతారు. మాస్టారి పేరున ఉన్న ఈ నిధి నుంచి ఏటా ఒక విద్యార్థికి కొంత పరిశోధన సాయం ఇస్తున్నారని విన్నాను. ఆ పని ఒక మండలంలో, నాలుగైదు బళ్ళతో, ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.